సున్నపు గోడకు సిమెంటు పూయకండి: మన పాత కళాశాల భవనాల గురించి బహిరంగ లేఖ

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లకు,
విశ్వవిద్యాలయాల, కళాశాలల యాజమాన్యాలకు,
విద్యాభవనాల మరమ్మతు పనులు చూసే ఇంజినీర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మన రెండు జిల్లాల్లో సున్నంతో కట్టిన పాత విద్యాభవనాల్లో ఇంకా పాఠాలు నడుస్తున్నాయి, పరీక్షలు జరుగుతున్నాయి. వాటికి మరమ్మతుల పేరుతో చేస్తున్న పనులే వాటిని పాడు చేస్తున్నాయని సంబంధిత కార్యాలయాల్లో వినతిపత్రాలు ఇచ్చాం. రసీదు ముద్ర పడింది గానీ జవాబు రాలేదు. ఈలోగా అదే తరహా పని మరికొన్ని గోడల మీదికి పాకింది. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. ఇక్కడ ఏ భవనం పేరూ, ఏ ఆఫీసు పేరూ రాయడం లేదు. భవనాలవారీ వివరాలు ఆ వినతిపత్రాల్లోనే ఉన్నాయి. ఒకరిని దోషిగా నిలబెట్టడం మాకు ముఖ్యం కాదు. వచ్చే వానాకాలంలోపు పని తీరు మారడం ముఖ్యం.

విజయనగరాన్ని విద్యల నగరం అనడం ఊరికే రాలేదు. 1857లో బడిగా మొదలైన మహారాజా విద్యాలయం 1879లో కళాశాల అయింది. సంస్కృత కళాశాల 1860 నాటిది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా సంగీత కళాశాల 1919లో మొదలైంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టేసరికే ఈ ఊళ్ళో కళాశాల చదువుకు దాదాపు యాభై ఏళ్ళు. ఈ తేదీలను మేం తలుచుకోవడానికి ఒక కారణం ఉంది. మన దేశంలో పోర్ట్‌లాండ్ సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో, పోరుబందరు ఫ్యాక్టరీతో. అంతకు ముందు ఇక్కడ లేచిన పెద్ద కట్టడాలన్నీ దాదాపుగా సున్నపు కట్టడాలే. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళపాటు మేస్త్రీల చేతిలో సున్నమే నడిచింది. కాబట్టి ఆ కాలపు గోడ ముందు సిమెంటు బస్తా దించే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది ఏ గోడ అని అడగాలి. ఆ ప్రశ్న అడగకపోవడం వల్లే కింద రాసిన నష్టాలన్నీ వస్తున్నాయి.

సున్నమూ సిమెంటూ ఒకే పని చేస్తాయనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. కాల్చిన సున్నపురాయినో, మన తీరంలో దొరికే గుల్లనో నీళ్ళు పోసి తడిపి గోతిలో నానబెడితే ముద్ద సున్నం అవుతుంది. అది ఇసుకతో కలిసి గోడలో చేరాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది. దీనికి నెలలు పడుతుంది, మందపు గోడ లోపల ఏళ్ళు పడుతుంది. అలా తయారైన రాయి మెత్తనిది, దాని నిండా సన్నని రంధ్రాలుంటాయి. వానకు తడిసిన గోడ ఆ రంధ్రాల్లోంచే ఆరుతుంది. ఎండకు ఇటుక వ్యాకోచించినా, పునాది రవ్వంత కుంగినా సున్నం సర్దుకుంటుంది. సన్నని నెర్రె పడితే, అందులోకి దిగిన నీటిలో కరిగిన సున్నమే కొంతవరకు దాన్ని పూడుస్తుంది. సిమెంటు అలా కాదు. అది గట్టిది, బిగుసుకుపోతుంది, లోపలి తేమను తేలిగ్గా వదలదు. శ్లాబు భవనానికి ఈ గుణాలు కావాలి. రెండు రెండున్నర అడుగుల మందమున్న సున్నపు గోడకు ఇవే గుణాలు చేటు చేస్తాయి.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో, దాని భారం ఎవరి మీద పడుతోందో వరుసగా చెబుతాం.

1. సిమెంటు పూత. పెచ్చులూడిన చోట పాత సున్నం పూతను మొత్తంగా గీకేసి, ఒక పాలు సిమెంటుకు నాలుగో ఆరో పాళ్ళ ఇసుక కలిపిన పూత వేస్తున్నారు. మొదటి ఏడాది చూడముచ్చటగానే ఉంటుంది. తర్వాత పూతలో వెంట్రుకవాసి నెర్రెలు పడతాయి. మన దగ్గర తుఫాను వాన నిలువుగా పడదు, గాలితో పాటు గోడను అడ్డంగా కొడుతుంది. నెర్రెల్లోంచి లోపలికి పోయిన నీటికి బయటికి వచ్చే దారి ఉండదు. తడి బట్ట మీద ప్లాస్టిక్ సంచి కప్పినట్టు గోడ లోపలే చెమ్మ నిలిచిపోతుంది. నేలలోంచి ఎక్కిన లవణాలు, సిమెంటులోంచి దిగిన లవణాలు పూత వెనకాల పలుకులు కడతాయి. ఆ పలుకులు పెరుగుతూ ఇటుకను లోపలి నుంచి పొడి చేస్తాయి. రెండు మూడు వానాకాలాలకు పూత పలకలు పలకలుగా ఊడుతుంది, ఊడుతూ ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోతుంది. పాత సున్నం పూత పాడైతే చాలావరకు పొడిగా, చిన్న పెచ్చులుగా రాలుతుంది. సిమెంటు పూత ఊడితే అడుగు చదరం, అంగుళం మందం ఉన్న ఒక్క పలక దాదాపు ఐదు కిలోలు తూగుతుంది. కింద పరీక్ష రాస్తున్న ఆడపిల్ల ఉండవచ్చు, వరండాలో ఫీజు కట్టడానికి వరుసలో నిలబడ్డ తండ్రి ఉండవచ్చు.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. వేలి కణుపుతో తట్టి చూసి, బోలుగా మోగిన చోటే పాత పూత తీయాలి, గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. ఇటుకల సందులు అంగుళం లోతు దాకా గీకి, దుమ్ము దులిపి, గోడను బాగా తడపాలి. ఒక పాలు ముద్ద సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ళు కడిగిన ఏటి ఇసుక కలపాలి. చెమ్మ ఎక్కువగా ఉన్న చోట ఇసుకలో ఒక పాలు తగ్గించి, బాగా కాలిన ఇటుక పొడి వేయాలి. నాగావళి, వంశధార, చంపావతి ఇసుక పనికొస్తుంది. సముద్రపు ఇసుక, ఉప్పుటేరు ఇసుక గోడ దరిదాపులకు రానివ్వకూడదు. ఒక్కో పూత అర అంగుళం మించకూడదు, పూతకూ పూతకూ మధ్య కనీసం వారం ఎడం ఉండాలి, ఎండ తగలకుండా తడి గోనెసంచులు కట్టాలి. సున్నం మాత్రం గోతిలో నీటి కింద కనీసం మూడు వారాలు నానాలి. ఎంత ఎక్కువ నానితే అంత మంచిది. ఆత్రపడి వాడితే, లోపల నానకుండా మిగిలిన పలుకులు గోడ మీద ఆ తర్వాత ఉబ్బి బొబ్బలు లేపుతాయి. ఆ బొబ్బలను చూపించే 'సున్నం పనికిరాదు' అని ఫైళ్ళలో రాస్తున్నారు. అది సున్నం లోపం కాదు, గోతికి ఇవ్వని మూడు వారాల లోపం.

2. పెరిగిపోయిన నేల, మూసుకుపోయిన నీటి దారి. ప్రాంగణాల్లో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోతున్నారు. పాత మట్టాన్ని తవ్వి తీయడం లేదు. ఒకప్పుడు అయిదు మెట్లెక్కి వెళ్ళాల్సిన వరండాకు ఇవాళ రెండే మెట్లు కనిపిస్తున్నాయంటే, మూడు మెట్ల ఎత్తున గోడ కాంక్రీటులో పూడుకుపోయినట్టు. అరుగు కింద గాలి ఆడటానికి వదిలిన కన్నాలు కూడా దాంతోనే మూసుకుపోయాయి. నేలలోని తేమ గోడలోకి ఎక్కుతూ మూడడుగుల దాకా మచ్చ కడుతుంది. లోపల ఉప్పు తేలి పూత రాలుతుంటే, దాని మీద మళ్ళీ సిమెంటు పూస్తారు. అప్పుడు చెమ్మ నాలుగడుగులకు, అయిదడుగులకు ఎగబాకుతుంది. చెమ్మ ఆరే చోటును మూసేస్తే అది ఆగదు, ఇంకో చోటు వెతుక్కుంటుంది.

పైనుంచి వచ్చే నీటి సంగతీ ఇంతే. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్ల నీరు. తుఫాను రోజున పడేది ఒక్క అంగుళం కాదు. పాత కట్టడాల్లో ఈ నీటిని గోడకు దూరంగా విసరడానికి పొడవాటి తూములు, వెడల్పైన పోత ఇనుప గొట్టాలు ఉండేవి. అవి విరిగిన చోట సన్నని ప్లాస్టిక్ గొట్టాలు బిగించారు. గుప్పెడు వేపాకులు చాలు, అవి మూసుకుపోతాయి. నీరు పిట్టగోడ పక్కన నిలిచి, దూలం చివరలోకి దిగుతుంది.

దీనివల్ల నష్టపోయేది కింది అంతస్తు గదులు. పాత రిజిస్టర్లు, మార్కుల జాబితాలు, టీసీ పుస్తకాలు ఉండేది సాధారణంగా ఆ గదుల్లోనే. ముప్పై ఏళ్ళ క్రితం చదివిన మనిషి పింఛను కోసమో, పుట్టినతేదీ రుజువు కోసమో ఏ పాలకొండ నుంచో, సాలూరు నుంచో బస్సెక్కి వస్తే, అతని పేరున్న పేజీ బూజుపట్టి పక్క పేజీకి అంటుకుపోయి ఉంటుంది. ఆ కాగితం ఇంకెక్కడా దొరకదు.

3. కప్పు మీద కప్పు. మద్రాసు టెర్రస్ అని పిలిచే పాత కప్పు ఎలా కట్టిందో తెలిస్తే, దాన్ని ఎలా ముట్టుకోకూడదో కూడా తెలుస్తుంది. పెద్ద దూలాల మీద అడుగు, అడుగున్నర ఎడంలో టేకు వాసాలు ఉంటాయి. వాటి మీద అంగుళం మందపు చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేరుస్తారు. ఆపైన మూడు నాలుగు అంగుళాల మేర ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు. దాన్ని బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. బద్ద ఎగిరిపడేంత గట్టిపడే దాకా కొట్టాలి. చివర రెండు మూడు వరుసల చదును పెంకులు. మొత్తం కప్పుకు నీరు జారే వాలు ఉంటుంది. కట్టిన మనిషి ఆ వాసాలు ఎంత బరువు మోయగలవో లెక్క వేసుకుని కట్టాడు.

కారుతోంది అనగానే ఈ కప్పు మీద నాలుగు అంగుళాల సిమెంటు కాంక్రీటు పోస్తున్నారు. చదరపు మీటరుకు దాదాపు 240 కిలోల బరువు. వంద చదరపు మీటర్ల తరగతి గదికి అది 24 టన్నులు. నూరేళ్ళ వాసం మీద ఇంత బరువు కొత్తగా పెట్టి, కింద ముప్పై బెంచీలు వేసి పిల్లల్ని కూర్చోబెట్టడం ఏ లెక్కన క్షేమం? పైగా ఆ కాంక్రీటు పాత కప్పుతో కలవదు. రెంటి మధ్య చేరిన నీరు ఎక్కడ దిగిందో, ఎక్కడ కారుతోందో పోల్చుకోవడం కూడా కష్టమవుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్. ఈ తుఫాన్లు మన తీరాన్ని దాటాక చేయాల్సింది పాడైన పెంకుల పొర మేరకు విప్పి, కింద పగిలిన సున్నపు కాంక్రీటు తీసి, అదే ముడిసరుకుతో మళ్ళీ కొట్టి, వాలు సరిచేయడం. అత్యవసర నిధులు వచ్చిన చోట తొందర కూడా వచ్చింది, తొందరలో సిమెంటు వచ్చింది. మంగళూరు పెంకు కప్పుల విషయంలో ఇంకో తొందరపాటు చూస్తున్నాం. పెంకులు తీసేసి రేకులు వేస్తున్నారు. పెంకుల సందుల్లోంచి గాలి ఒత్తిడి కొంత పోతుంది, పెనుగాలికి కొన్ని పెంకులు లేచినా కర్ర నిలుస్తుంది. సరిగా బిగించని రేకు లేచిందంటే వాసాలను కూడా పెకలించుకుపోగలదు. వేసవి సంగతి చెప్పనే అక్కర్లేదు. మందపు గోడల, పెంకు కప్పుల గదుల్లో మే నెలలో కూడా ఫ్యాను కింద పరీక్ష రాయవచ్చు. రేకుల షెడ్డులో మార్చి మధ్యాహ్నమే తల తిరుగుతుంది, వాన పడితే మేష్టారి మాట మూడో బెంచీకి వినపడదు. ప్రైవేటు కాలేజీకి డబ్బు కట్టలేని ఇళ్ళ పిల్లలే ఆ షెడ్డుల్లో మిగులుతున్నారు.

4. దూలాల చివరలు. దూలం నడుమ బాగుంది కదా అని వదిలేస్తున్నారు. కుళ్ళేది నడుమ కాదు, గోడలోకి దూరిన చివర. పైన చెప్పిన చెమ్మంతా చేరేది అక్కడికే, చెద ఎక్కేదీ అక్కడి నుంచే. సన్నని ఆర (మొనదేలిన ఇనుప పనిముట్టు) గుచ్చి చూస్తే తెలుస్తుంది. కర్ర గట్టిదైతే ఆర పావు అంగుళం కూడా దిగదు, కుళ్ళితే వేలెడు దిగుతుంది. చివర మాత్రమే పాడైతే దూలం మొత్తం మార్చనక్కరలేదు. కింద ఆపు పెట్టి, పాడైన మేర కోసి, అదే జాతి ఎండిన కర్రను ఏటవాలు అతుకుతో బోల్టులు వేసి కలపవచ్చు. గోడలో దూలం చివర చుట్టూ అర అంగుళం గాలి సందు వదలాలి. దాన్ని సిమెంటుతో బిగించి మూసేస్తే కొత్త కర్ర కూడా పాతదాని దారే పడుతుంది. ఇక్కడ తాత్కాలిక ఫాల్స్ సీలింగ్ పెద్ద శత్రువు. అది మచ్చను దాస్తుంది, చెదను దాస్తుంది, వంగుతున్న వాసాన్ని దాస్తుంది. కప్పు కిందికి దిగే రోజు దాకా కింద కూర్చున్నవారికి తెలియదు.

5. రావి మొక్క, మర్రి మొక్క. ఏటా కత్తితో పైన కోస్తున్నారు. కోసిన కొద్దీ వేరు గోడలో బలుస్తుంది. వేలెడు మొక్కగా ఉన్నప్పుడు తడి నేలలో ఊడబెరికితే ఐదు నిమిషాల పని. ముదిరిన తర్వాత గోడ విప్పి, వేరు మొదలంటా తీసి, సున్నంతో మళ్ళీ కట్టాలి. జూలైలో ఒకసారి, అక్టోబరు తర్వాత ఒకసారి నిచ్చెన వేసి కప్పు చుట్టూ తిరిగే మనిషిని పెట్టడం కన్నా చవకైన మరమ్మతు లేదు.

6. రంగులు, టైల్స్, ఏసీలు. సున్నపు గోడకు ప్లాస్టిక్ పెయింటు వేస్తే సిమెంటు పూత చేసే హానిలో సగం అదే చేస్తుంది. పొరలు పొరలుగా ఊడే ఆ రంగు ఆరలేని గోడ పెట్టే మొర. ఏడాదికోసారి వెల్ల వేస్తే చాలు. పాత గచ్చు నేల మీద మెరిసే టైల్స్ పరిస్తే నేల చెమ్మకు పైకి వచ్చే దారి మూసుకుపోయి, అదంతా గోడల్లోకి మళ్ళుతుంది. ఏసీల కోసం ఆర్చీల్లో కన్నాలు కొడుతున్నారు. ఆర్చీ బరువు మోసేది దాని రాళ్ళ, ఇటుకల ఒత్తిడితో. ఒక ఇటుక తీస్తే ఆ లెక్క చెడుతుంది. పాత తీగల మీద కొత్త ఏసీల భారం వేయడం వల్ల ఎండిన టేకు కప్పు కింద నిప్పు ప్రమాదం ఉంది. ఇది చిన్నమాటగా తీసుకోకండి.

7. శిథిలం అనే ముద్ర. పైవన్నీ చేసిన తర్వాత గోడలు బీటలిస్తాయి. అప్పుడు ఒక పూట తనిఖీ, మర్నాటికి 'శిథిలావస్థ, వాడకానికి పనికిరాదు' అని ధ్రువపత్రం. గదులకు తాళాలు పడతాయి, క్లాసులు రెండు షిఫ్టులవుతాయి. పొద్దున ఏడు గంటల షిఫ్టుకు పల్లెల నుంచి బస్సు ఉండదు. సాయంత్రం షిఫ్టు నుంచి ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, దాంతో ఆడపిల్లల్ని మాన్పించే ఇళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి.

బీట కనిపించడం వేరు, బీట కదలడం వేరు. కదులుతోందో లేదో తెలుసుకోవడానికి బీటకు అడ్డంగా సన్నని గాజు పట్టీ అతికించి తేదీ రాసి, ఒక వానాకాలం, ఒక వేసవి చూడాలి. గాజు పగలకపోతే అది పాత బీట, సున్నపు పాలు నింపి మూయవచ్చు. పగిలితే అప్పుడు పునాది చూడాలి. ఇది చేయకుండా, గట్టిదనం కొలిచే రీబౌండ్ హ్యామర్ అనే పరికరంతో గోడను కొట్టి అంకెలు రాస్తున్నారు. ఆ పరికరం కాంక్రీటు కోసం తయారైంది. సున్నంతో కట్టిన ఇటుక గోడ మీద దాని అంకెకు అర్థం లేదు. తప్పు పరీక్ష మీద కూల్చివేత నిర్ణయం తీసుకోవడం న్యాయం కాదు. నిజంగా ప్రమాదం ఉన్న గదిని వెంటనే ఖాళీ చేయించాలి, కప్పుకు ఆపులు పెట్టాలి. పిల్లల ప్రాణం కన్నా ఏ గోడా ఎక్కువ కాదు. మేం అడిగేది ఒక్కటే, ప్రమాదాన్ని సరైన కొలతతో తేల్చమని.

కూల్చి కొత్తది కడితే సమస్య తీరుతుందనే మాట కూడా వింటున్నాం. తీరానికి దగ్గరగా కట్టిన శ్లాబు భవనాలను చూడండి. ఉప్పుగాలికి లోపలి కడ్డీ తుప్పు పడితే, ఆ తుప్పు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమించి కాంక్రీటును చీలుస్తుంది. ముప్పై నలభై ఏళ్ళకే పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డ ప్రభుత్వ భవనాలు మన రెండు జిల్లాల్లో ప్రతి పట్టణంలో ఉన్నాయి. కొత్త కట్టడాలను మేం వ్యతిరేకించడం లేదు, వాటి అవసరం ఉంది. పాతది తీసేయడం దానికి షరతు కానవసరం లేదు.

8. మార్చి నెల. అన్నిటికీ మూలం ఇక్కడ ఉందని మా నమ్మకం. నిధులు జనవరిలో విడుదలవుతాయి, ఫిబ్రవరిలో టెండరు, మార్చి 31లోపు బిల్లు. సున్నం గోతిలో నానడానికే మూడు వారాలు కావాలి. పూతల మధ్య వారాల ఎడం కావాలి. ఈ క్యాలెండరులో సున్నం పని ఇమడదు, సిమెంటు ఇముడుతుంది. అంచనాల్లో సున్నం పని పద్దు ఉండదు. చదరపు మీటరు లెక్కన తక్కువ కోట్ చేసినవారికి పని వెళుతుంది, సున్నం కలపడం తెలిసిన మేస్త్రికి ఆ రేటు గిట్టదు. అలా గిట్టక ఈ పని తెలిసిన తాపీ మేస్త్రీలు, వారి కలాసీలు వేరే ఊళ్ళకు వలస పోయారు. వారి పిల్లలు ఈ పని నేర్వలేదు. 'సున్నం పని చేసేవాళ్ళు దొరకరు' అనే జవాబు మాకు తరచూ వస్తుంది. పని ఇస్తే దొరుకుతారు. ఇంకా ఉన్నారు, వృద్ధులవుతున్నారు.

'సున్నానికి ప్రమాణాలు లేవు' అనే జవాబు మాత్రం సరికాదు. భారతీయ ప్రమాణాల్లో భవన సున్నానికి ఐఎస్ 712, సున్నపు పూతకు ఐఎస్ 2394, సున్నపు కాంక్రీటుకు ఐఎస్ 2541, కప్పు మీద సున్నపు కాంక్రీటు పరవడానికి ఐఎస్ 3036 ఉన్నాయి. ఇటుక, రాతి కట్టడాలను పటిష్ఠం చేయడానికి ఐఎస్ 13935 ఉంది. ఇవి ప్రభుత్వ ఇంజినీరు చేతికి అందుబాటులో ఉన్న పుస్తకాలే. అంచనాలో ఆ సంఖ్య రాస్తే ఆడిటు అభ్యంతరం కూడా నిలవదు.

కాబట్టి మేం కోరుతున్నవి ఇవి.

ఒకటి. రెండు జిల్లాల్లో సున్నంతో కట్టిన విద్యాభవనాలన్నిటి జాబితా తయారు చేయండి. రాష్ట్ర పురావస్తు చట్టం 1960 కింద రక్షిత జాబితాలో చేరని భవనాలే వీటిలో ఎక్కువ. రక్షిత జాబితాలో లేకపోవడం సిమెంటు పూయడానికి అనుమతి కాకూడదు. జాబితాలోని భవనంపై సిమెంటు పూత, శ్లాబు, ప్లాస్టిక్ పెయింటు, టైల్స్ పని రాతపూర్వక కారణం లేకుండా చేపట్టకూడదని ఉత్తర్వు ఇవ్వండి.

రెండు. ఇప్పుడు నడుస్తున్న సిమెంటు పనులు ఆపండి. ఇప్పటికే పూసిన చోట ఆదరాబాదరాగా సుత్తితో కొట్టి తీయవద్దు, ఇటుక పోతుంది. బోలుగా మోగిన భాగాలు ముందు, మిగతావి తర్వాత, చిన్న ఉలితో తీయించండి. పిల్లలు నడిచే చోట బోలు పూతను మాత్రం ఈ వానలకు ముందే దించేయాలి.

మూడు. డబ్బు తక్కువుంటే మొదట నీటి పని చేయండి. తూములు, గొట్టాలు, కప్పు వాలు, గోడ చుట్టూ రెండడుగుల మేర సిమెంటు కోసి తీసి పాత మట్టానికి కింద దాకా కంకర కాలువ. ఇవి చేయకుండా పూత ఎంత బాగా వేసినా దండగ. ఇవి చేస్తే సగం గోడలు వాటంతటవే ఆరతాయి. ఆరడానికి ఒక ఏడాది పట్టవచ్చు, ఆ ఏడాది పూత జోలికి వెళ్ళకండి.

నాలుగు. సున్నం పనికి వేరే రేటు, వేరే క్యాలెండరు పెట్టండి. సెప్టెంబరులో టెండరు, అక్టోబరు నవంబరుల్లో సున్నం గోతులు, డిసెంబరు నుంచి మార్చి దాకా గోడల పని. నిధులు రెండు ఆర్థిక సంవత్సరాలకు వాడుకునేలా మంజూరు చేయండి. చదరపు మీటరు నమూనా పూత ముందు వేయించి, నెల తర్వాత చూసి మిగతా పని ఒప్పుకోండి. కాంట్రాక్టరు బాధ్యత రెండు వానాకాలాల దాకా ఉండాలి.

అయిదు. శిథిలమని రాసే ముందు గాజు పట్టీల పరిశీలన, దూలాల చివరల పరీక్ష, పునాది దగ్గర ఒక గొయ్యి తవ్వి చూడటం తప్పనిసరి చేయండి. పరీక్షించిన ఇంజినీరు కొలతలు, ఫొటోలు భవనం గేటు దగ్గర అంటించాలి. అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులకు అవి చూసే హక్కు ఉంది.

ఆరు. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ఉంది, రెండు జిల్లాల్లో సివిల్ ఇంజినీరింగ్ నేర్పే కళాశాలలున్నాయి, పాలిటెక్నిక్‌లున్నాయి. వారి విద్యార్థుల చేత ఈ భవనాల కొలతలు తీయించండి, చెమ్మ మచ్చల పటాలు గీయించండి, పాత సున్నం నమూనాలు పరీక్షించండి. మిగిలిన మేస్త్రీలకు రోజుకూలి ఇచ్చి ఆ విద్యార్థులకు, యువ తాపీ పనివారికి నేర్పించండి. ఒక్క భవనం మీద రెండు పని కాలాలు ఇలా నడిస్తే, ఆ తర్వాత బయటి నుంచి ఎవరినీ పిలవనక్కరలేదు.

ఇవి సాధ్యం కావనుకుంటే ఏది, ఎందుకు సాధ్యం కాదో రాతపూర్వకంగా చెప్పండి. సాంకేతిక కారణమైతే కూర్చుని మాట్లాడతాం, తప్పు ఉంటే దిద్దుకుంటాం. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ప్రతి పనికీ అంచనా ప్రతి, వాడిన ముడిసరుకు లెక్క, తనిఖీ నివేదిక అడుగుతాం, వచ్చినవాటిని ప్రజల ముందు పెడతాం.

ముందుగా ఒక ఉమ్మడి తనిఖీకి తేదీ ఇవ్వమని అడుగుతున్నాం. మీరు ఎంచుకున్న భవనమే, మీ ఇంజినీర్ల సమక్షంలోనే. వాన పడుతున్న రోజైతే మరీ మంచిది, నీరు ఎటు పోతోందో కళ్ళారా చూడవచ్చు. నిచ్చెనలు, ఆరలు, గాజు పట్టీలు, నానిన సున్నం, పని తెలిసిన మేస్త్రీలను మేం తీసుకొస్తాం. మీ వైపు నుంచి కావలసింది గదుల తాళంచెవులు, కప్పు మీదికి వెళ్ళే అనుమతి.

ఇట్లు,
విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, విశ్రాంత ఇంజినీర్లు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు